ఆవకాయకి క్లారెండనా, రాక్‌వెల్లా? లావు స్లాబ్ అక్షరాల్లో మీ పనికి ఏది సరిపోతుంది

ఇల్లు కట్టుకున్నవాళ్ళకి స్లాబ్ అంటే విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్షరాల్లోనూ స్లాబ్ అంటే దాదాపు అదే. ఇంగ్లీషు పెద్ద ‘ఐ’ని తలుచుకోండి. నిలువు గీత స్తంభం, పైనా కిందా ఉన్న అడ్డగీతలు స్లాబులు. పుస్తకాల్లో వాడే అక్షరాలకు ఈ అడ్డగీతలు సన్నగా, కొసలు తేలి ఉంటాయి. వాటిని సెరిఫ్‌లు అంటారు. వాటినే నిలువు గీతతో పోటీపడేంత మందంగా, మొద్దుగా చెక్కితే స్లాబ్ సెరిఫ్. సోనీ, హోండా పేర్లు ఎలా రాసి ఉంటాయో గుర్తు చేసుకుంటే బొమ్మ కళ్ళకు కడుతుంది.

షాపు బోర్డుకో, సీసా లేబుల్‌కో, పోస్టర్‌కో గట్టిగా కనబడే అక్షరం కావాలనుకోగానే చాలామంది వీటి దగ్గరికే వస్తారు. వచ్చాక చిక్కుకుంటారు. ఫాంట్ల జాబితాలో డజన్ల కొద్దీ స్లాబులు, అన్నీ లావుగానే ఉంటాయి, అన్నీ బాగానే కనిపిస్తాయి. నేనూ అలాగే చిక్కుకున్నాను. ఒక పచ్చళ్ళ వ్యాపారానికి లేబుళ్ళు చేస్తూ, ఉన్నవాటిలో అన్నిటికంటే నల్లగా ఉన్న అక్షరాన్ని ఎంచుకున్నాను. స్క్రీన్ మీద అదిరిపోయింది. అదే డిజైన్‌ను గుడ్డ సంచుల మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయిస్తే ‘ఆవకాయ’లోని ఇంగ్లీషు ‘ఏ’ల కడుపులన్నీ సిరాతో పూడిపోయాయి. తప్పు ప్రింటర్‌ది కాదు, అక్షరాన్ని ఎంచుకున్న నాది. అప్పటినుంచి నేను అక్షరంలో నలుపును కాదు, తెలుపును చూస్తున్నాను. ఈ వ్యాసమంతా ఆ చూపుతోనే రాస్తున్నాను.

ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు అక్షరం లోపలి ఖాళీ. ‘ఓ’ మధ్య ఉండే గుండ్రం, పెద్ద ‘ఏ’లో ఉండే చిన్న త్రికోణం, ఇంగ్లీషు చిన్న ‘ఈ’లో కన్నులా ఉండే సందు, వీటిని కౌంటర్లు అంటారు. మన కన్ను అక్షరాన్ని పోల్చుకునేది చాలావరకు ఈ ఖాళీల వల్లే. తెలుగు చదివేవాళ్ళకు ఈ సంగతి కొత్త కాదు. లావు అక్షరాల్లో అచ్చువేసిన ‘కథ’ను చూడండి. ‘థ’ కడుపులోని చుక్క చుట్టూ తెలుపు మిగలకపోతే అది ‘కధ’ అయిపోతుంది. ఇంగ్లీషులో అర్థం అంత తేలిగ్గా మారదు కానీ మాట మసకబారుతుంది. అక్షరాన్ని లావు చేసినకొద్దీ ఆ బరువు బయటికి కొంతే పెరుగుతుంది, మిగతాదంతా లోపలి తెలుపును తినేస్తుంది. స్లాబుల్లో అడ్డగీతలు కూడా చోటు అడుగుతాయి కాబట్టి ఈ పేచీ ఇంకా ఎక్కువ.

రెండోది, దేని మీద అచ్చవుతుంది, ఎంత దూరం నుంచి చూస్తారు. గుడ్డ సిరాను పీల్చి వ్యాపింపజేస్తుంది. బంగారు రేకు అద్దే శుభలేఖల్లో సన్నని సందులు మూసుకుపోతాయి. ఫ్లెక్స్‌కు ఆ బాధ తక్కువ, అక్కడ దూరమే సమస్య. బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది. హాయిగా చదవాలంటే ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం ఎత్తు 1 అంగుళం ఉండాలి. రోడ్డుకు అవతలినుంచి, అంటే 60 అడుగుల నుంచి కనబడాల్సిన పేరుకు 6 అంగుళాలన్నమాట.

మూడోది, ఎన్ని మాటలు. ఒకటి రెండు మాటలకు ఎంత లావైనా చెల్లుతుంది. ఒక వాక్యం పెట్టాలంటే మధ్యస్థమైన మందం కావాలి. పేరా అయితే ఈ లావు స్లాబులేవీ పనికిరావు, నిర్మొహమాటంగా చెబుతున్నాను.

తర్వాతివి చిన్నవే కానీ చివరి నిమిషంలో ఏడిపించేవి. ఒకే మందంలో వస్తుందా, చాలా మందాల్లో వస్తుందా? లైసెన్స్ ఏమిటి? రూపాయి గుర్తు ఉందా? మన రూపాయి గుర్తు 2010లో వచ్చింది. అంతకుముందు గీసిన అక్షరాల్లో అది లేకపోవచ్చు. ధరలు వేయాల్సిన పని అయితే మొదట ఆ ఒక్క గుర్తును టైపు చేసి చూడండి. అది వేరే ఫాంట్‌లోంచి అరువు తెచ్చుకున్నట్టు సన్నగా కనిపిస్తే అక్కడే తెలిసిపోతుంది.

పరీక్షకు రెండు మాటలు పెట్టుకుందాం: ఆవకాయ, గోంగూర. ఇంగ్లీషులో రాస్తే రెండిటికీ ఏడేసి అక్షరాలు. కానీ స్వభావాలు పూర్తిగా వేరు. ఆవకాయలో నాలుగు ‘ఏ’లు. అన్నీ పెద్దబడిలో రాస్తే ‘ఏ’, ‘వీ’, ‘కే’, ‘వై’ అన్నీ ఏటవాలు గీతలే. ఒకదాని కాళ్ళు ఇంకోదాని కాళ్ళను తొక్కుతాయి, మరో జంట మధ్య పెద్ద గొయ్యి పడుతుంది. గోంగూరలో గుండ్రనివి ఎక్కువ. ఒక అక్షరశైలిని ఈ రెండింటి మీద పెట్టి చూస్తే దాని గుణం చాలావరకు బయటపడుతుంది.

క్లారెండన్, దాని ఉచిత చుట్టం బెస్లీ

లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు పోతపోసే కార్ఖానా) నుంచి 1845లో రాబర్ట్ బెస్లీ విడుదల చేసిన అక్షరం ఇది. ఉక్కు అచ్చులు చెక్కింది బెంజమిన్ ఫాక్స్. అప్పటి డిజైన్ చట్టం కింద దీన్ని నమోదు చేయించారు. రక్షణ మూడేళ్ళే కాబట్టి గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలు తమ తమ క్లారెండన్‌లు తీసుకొచ్చాయి. ఈ రోజు క్లారెండన్ ఒక ఫాంట్ పేరు మాత్రమే కాదు, ఒక కులం పేరంత విస్తరించింది.

దీని గుణం అర్థం కావాలంటే ఎందుకోసం పుట్టిందో తెలియాలి. ఇది పోస్టర్ల కోసం పుట్టలేదు. నిఘంటువుల్లాంటి పుస్తకాల్లో మామూలు అక్షరాల మధ్య పదాన్ని ప్రస్ఫుటంగా చూపడానికి పుట్టింది. చిన్న సైజులోనే పనిచేయాలి కాబట్టి లావుగా ఉన్నా లోపలి తెలుపును కాపాడుకుంటుంది. అడ్డగీత నిలువు గీతను లంబకోణంలో గుద్దుకోదు, చిన్న వంపుతో ఒదిగి కలుస్తుంది. అందుకే దీనిలో బరువు ఉంటుంది కానీ కాఠిన్యం ఉండదు. చిన్న ‘ఏ’ తల దగ్గర, ‘ఆర్’ చివర, ‘వై’ తోకకు గుండ్రని బొట్టు ఉంటుంది. ఆవకాయ లేబుల్ మీద ఆ బొట్లు అచ్చం ఆవగింజల్లా ఉంటాయి. పెద్ద ‘ఆర్’ కాలు కొస పైకి తిరుగుతుంది. అమెరికా జాతీయ పార్కుల దారి బోర్డుల మీద దశాబ్దాలపాటు ఈ తరహా అక్షరాలే ఉన్నాయి. అడవి మధ్య చెక్క పలక మీద ఆదరంగా పలకరించే గుణం దీనికి ఉంది.

లోటు లేకపోలేదు. చిన్న ‘జీ’ రెండు అంతస్తుల్లో ఉంటుంది, అంటే పూడిపోవడానికి రెండు గదులు. గోంగూర మధ్యలో సరిగ్గా అదే వస్తుంది. మరీ చిన్న లేబుల్‌పై ముందు అక్కడే సిరా నిలుస్తుంది. పైగా క్లారెండన్‌కు పాతకాలపు వాసన ఉంది. అమ్మమ్మ చేతి పచ్చడికి అది మేలు చేస్తుంది, కొత్తగా పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీకి చేయకపోవచ్చు.

డబ్బు పెట్టి కొనేవారికి 1953లో స్విట్జర్లాండ్‌లోని హాస్ ఫౌండ్రీకి హెర్మన్ ఐడెన్‌బెంజ్ గీసిన క్లారెండన్ మంచి రూపం. ఉచితంగా కావాలంటే బెస్లీ పేరుతోనే గూగుల్ ఫాంట్స్‌లో ఒకటి ఉంది. మామూలు మందం నుంచి అతి లావు దాకా, 400 నుంచి 900 వరకు, కావలసినంత జరుపుకోవచ్చు. ఈ జరుపుకునే వీలు ఎంత విలువైనదో గుడ్డ సంచుల దెబ్బ తిన్నవాళ్ళకే తెలుస్తుంది. సీసా లేబుల్‌కు 800 పెట్టి, సంచికి 650కి తగ్గించుకోవచ్చు. సిరా వ్యాపించాక రెండూ ఒకేలా కనబడతాయి.

రాక్‌వెల్

1934లో మోనోటైప్ అనే అచ్చు అక్షరాల కంపెనీ నుంచి వచ్చింది. కంపాస్, స్కేలు పట్టుకుని గీసినట్టు ఉంటుంది. ‘ఓ’ దాదాపు పూర్ణ వృత్తం, గీతలన్నీ ఇంచుమించు ఒకే మందం, అడ్డగీతలు ఏ వంపూ లేకుండా నేరుగా అతుక్కుంటాయి. 1929 నుంచి ఐదారేళ్ళలో ఈ తరహావి వరసగా పుట్టాయి: జర్మనీలో మెంఫిస్, బెటాన్, సిటీ, అమెరికాలో స్టైమీ. సిటీ పేరు వినకపోయినా దాని వారసత్వాన్ని మీరు చూసే ఉంటారు. అమెరికన్ డిజైనర్ పాల్ రాండ్ 1956లో ఐబీఎం పేరును ఆ తరహాలోనే గీశారు. 1972లో అదే ఎనిమిది చారలుగా మారింది.

గోంగూర మాటకు రాక్‌వెల్‌ను మించింది లేదు. ‘జీ’, ‘ఓ’, ‘యూ’ గుండ్రాలు ఒకదాని పక్కన ఒకటి బంతుల్లా దొర్లుతాయి, చిన్న ‘జీ’ ఒకే అంతస్తు కాబట్టి తేటగా ఉంటుంది. ఆవకాయ దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. రాక్‌వెల్ పెద్ద ‘ఏ’కి కాళ్ళ దగ్గరే కాదు, నెత్తిమీద కూడా ఒక అడ్డగీత ఉంటుంది. ఒక్క ‘ఏ’ ఉంటే అది అందం. నాలుగు ‘ఏ’లు, వాటి మధ్య ‘వీ’, ‘కే’, ‘వై’ ఉంటే మాట పైఅంచంతా పిట్టగోడలా తయారవుతుంది. అక్షరాల మధ్య ఎడాన్ని ఒక్కో జంటకు చేత్తో సర్దాలి. ఓపిక ఉంటే సర్దండి, లేకపోతే మొదటి అక్షరం పెద్దది, మిగతావి చిన్నవి పెట్టండి.

మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో ఇది చాలా కంప్యూటర్లలోకి వచ్చేస్తుంది కాబట్టి ఉచితమనుకుంటారు. పోస్టర్‌కు, కార్డుకు వాడుకోవచ్చు కానీ ఆ ఫాంట్ ఫైలును తీసి మీ వెబ్‌సైట్‌లో పెట్టడానికి లైసెన్స్ వేరు. దానికి రోకిట్ అనే ఉచిత ఫాంట్ దగ్గరగా ఉంటుంది.

ఆల్ఫా స్లాబ్ వన్, చంక్ ఫైవ్, బెవాన్

ఈ మూడూ పిడికిలి బిగించిన అక్షరాలు. మాట చదివించడం కంటే ముందు తల తిప్పించడం వీటి పని.

అసలు స్లాబుల పుట్టుకే అది. 19వ శతాబ్దం రెండో దశాబ్దంలో లండన్ గోడల మీద ప్రకటనల కాగితాలు ఒకదానితో ఒకటి పోటీపడుతున్నప్పుడు, పుస్తకాల కోసం చెక్కిన సన్నని అక్షరాలు చాలక ఇవి వచ్చాయి. అక్కడ అచ్చు అక్షరాలు పోసే విన్సెంట్ ఫిగిన్స్ తనవాటిని ‘యాంటీక్’ అన్నారు. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర తర్వాత ఇంగ్లండులో ఈజిప్టు మోజు సాగుతున్న రోజులు కావడంతో వీటికి ‘ఈజిప్షియన్’ అన్న పేరు స్థిరపడింది. ఈజిప్టు లిపితో వీటికి ఏ సంబంధమూ లేదు. 1827లో న్యూయార్క్‌లో డారియస్ వెల్స్ కొయ్య అక్షరాలను యంత్రంతో చెక్కడం మొదలుపెట్టాక పోస్టర్ అక్షరాలు అడుగుల ఎత్తుకు పెరిగాయి. సీసంతో అంత పెద్దవి పోస్తే మోయలేని బరువు, పైగా ముఖం సమంగా రాదు. కొయ్యకు ఆ బాధ లేదు. కాకపోతే సన్నని కొసలు విరుగుతాయి. మొద్దు అడ్డగీతలు విరగవు. అలా స్లాబూ కొయ్యా ఒకదానికొకటి సరిగ్గా కుదిరాయి.

ఆల్ఫా స్లాబ్ వన్ నేరుగా ఆ కాలానికి వెళుతుంది. అప్పటి లండన్ ఫౌండ్రీ యజమాని రాబర్ట్ థార్న్ ఈజిప్షియన్‌కు చిలీ డిజైనర్ ఖోసే మిగేల్ సోలే ఇచ్చిన కొత్త రూపం. మూడింటిలోకీ నల్లటిది ఇదే. కౌంటర్లు చాకుతో చీల్చిన చీలికల్లా ఉంటాయి. నా గుడ్డ సంచుల మీద పూడిపోయింది ఇదే. అయినా దీని మీద నాకు కోపం లేదు. ఒక్క మాట, పెద్ద సైజు, నునుపైన కాగితమో స్క్రీనో, ఈ మూడూ కుదిరితే దీని ముందు మిగతావి నిలవవు. ధర వేసే పెద్ద అంకెలకు, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌కు, క్రికెట్ టోర్నమెంట్ పోస్టర్‌కు కళ్ళు మూసుకుని వాడొచ్చు.

చంక్ ఫైవ్‌ను 2009లో లీగ్ ఆఫ్ మూవబుల్ టైప్ అనే ఉచిత ఫాంట్ల సంస్థ కోసం మెరిడిత్ మాండెల్ గీశారు. అమెరికా పశ్చిమ ప్రాంతపు కొయ్య అచ్చులు, కరపత్రాలు, పాత పేపర్ హెడ్డింగులు దీనికి మూలం. అక్షరాలు దగ్గరదగ్గరగా ఒరుసుకుని ఒక మొద్దులా కనిపిస్తాయి. టీ షర్టు మీద, కాఫీ షాపు బోర్డు మీద మంచి ఊపు ఇస్తుంది. ఆ ఊపే దీని పరిమితి కూడా. ఎక్కడ పెట్టినా కౌబాయ్ సినిమా పోస్టర్ కొంత గుర్తొస్తుంది. రూపాయి గుర్తు పరీక్ష దీనికి తప్పనిసరి, తేదీ చూశారుగా.

బెవాన్ గురించి తక్కువ మందికి తెలుసు, అది అన్యాయం. 1930ల నాటి హైన్రిక్ యోస్ట్ బెటాన్‌ను వెర్నన్ ఆడమ్స్ వెబ్ కోసం తిరగరాశారు. తిరగరాస్తూ కౌంటర్లను కావాలనే కొంచెం విప్పారు. ఫలితంగా ఆల్ఫా స్లాబ్ దాపుల్లో ఉండే లావుతో, దానికంటే తేటగా చదవబడుతుంది. లావూ కావాలి, సైజు మధ్యస్థం, మాటలు నాలుగైదు ఉన్నాయి అంటే నేను ముందు దీన్నే తీస్తాను.

రోబోటో స్లాబ్

2013లో క్రిస్టియన్ రాబర్ట్‌సన్ గీసిన ఈ కుటుంబం 100 నుంచి 900 దాకా అన్ని మందాల్లో వస్తుంది. వెబ్‌సైట్‌లో శీర్షిక, ఉపశీర్షిక, బటన్ అన్నీ ఒకే కుటుంబంతో నడపాలంటే దీనంత సుఖం లేదు. ఇటాలిక్ లేదు, అది కావాలంటే మొజిల్లా వాళ్ళ జిల్లా స్లాబ్ చూడండి. సీసా లేబుల్ మీద మాత్రం రోబోటో స్లాబ్ రుచీ పచీ లేకుండా ఉంటుంది, పెట్టి చూసి తీసేశాను.

| అక్షరం | లోపలి తెలుపు | మందాలు | ఖర్చు | బాగా నప్పేది | నప్పనిది |
|---|---|---|---|---|---|
| బెస్లీ (క్లారెండన్ తరహా) | ధారాళం | 400–900 | ఉచితం | లేబుళ్ళు, చిన్న బోర్డులు, శుభలేఖలు | మరీ ఆధునికంగా కనబడాల్సినవి |
| రాక్‌వెల్ | బాగానే ఉంది | చాలా | డబ్బు కట్టాలి లేదా ఆఫీసుతో వస్తుంది | గుండ్రని అక్షరాల పేర్లు, భవనాల బోర్డులు | ‘ఏ’, ‘వీ’లు నిండిన పేర్లు |
| ఆల్ఫా స్లాబ్ వన్ | చాలా తక్కువ | ఒక్కటే | ఉచితం | ఒక్క మాట, పెద్ద అంకెలు | గుడ్డ, రేకు ముద్ర, చిన్న సైజు |
| చంక్ ఫైవ్ | తక్కువ | ఒక్కటే | ఉచితం | టీ షర్టులు, పోస్టర్లు | గంభీరమైన ప్రకటనలు |
| బెవాన్ | మధ్యస్థం | ఒక్కటే | ఉచితం | నాలుగైదు మాటల శీర్షికలు | పొడవాటి వాక్యాలు |
| రోబోటో స్లాబ్ | మందాన్ని బట్టి | 100–900 | ఉచితం | వెబ్‌సైట్లు, యాప్‌లు | చేతిపని వాసన కావాల్సినవి |

పక్కన తెలుగు ఉంటే

మన బోర్డుల్లో, లేబుళ్ళలో ఇంగ్లీషు ఒంటరిగా ఉండదు. అసలు చిక్కు ఇక్కడుంది. స్లాబ్ అక్షరం నేల మీద చదునుగా కాళ్ళు పరుస్తుంది. తెలుగు అక్షరానికి కాళ్ళే లేవు. గుండ్రంగా కూర్చుంటుంది, నెత్తిన తలకట్టు, కింద ఒత్తులు. కొందరు తెలుగుకీ అడ్డగీతలు అతికించి స్లాబ్ చేయబోతారు. చూడటానికి కట్టుకొయ్యలు కట్టినట్టు ఉంటుంది, దయచేసి వద్దు. ఆకారాన్ని కలపకండి, నలుపును కలపండి. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి కళ్ళు సగం మూస్తే రెండూ ఒకే బూడిదరంగు మచ్చలా కనబడాలి.

బెస్లీ పక్కన నోటో సెరిఫ్ తెలుగు బాగా కుదురుతుంది. సన్నం, మందం తేడా రెండిట్లోనూ ఉంది, 900 దాకా మందం దొరుకుతుంది. గీతలన్నీ ఒకే తీరుగా ఉండే రాక్‌వెల్‌కు అనేక్ తెలుగు సరైన జోడీ. మందంతో పాటు వెడల్పునూ జరుపుకోవచ్చు కాబట్టి ఇంగ్లీషు మాట పొడవుకు తెలుగును సరిపెట్టుకోవచ్చు. ఆల్ఫా స్లాబ్, చంక్ ఫైవ్‌ల బరువుకు తూగాలంటే సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, లేదా బాలూ తమ్ముడు అతి లావు రూపం చూడండి.

డీటీపీ సెంటర్లలో ఒక అలవాటు ఉంది. తెలుగు సన్నగా అనిపిస్తే చుట్టూ స్ట్రోక్ పెట్టి లావు చేస్తారు. అను ఫాంట్ల కాలం నుంచీ వస్తున్న పద్ధతి. ఆ గీత బయటికి ఎంత పెరుగుతుందో లోపలికీ అంతే పెరుగుతుంది. మొదట ‘థ’లో చుక్క పోతుంది, తర్వాత ఒత్తులు పై అక్షరానికి అతుక్కుంటాయి. స్ట్రోక్ బదులు అదే కుటుంబంలో తర్వాతి మందాన్ని తీసుకోండి. అది లేకపోతే తెలుగును లావు చేయకుండా కొంచెం పెద్దది చేయండి.

ఎవరికి ఏది

ఇంటి దగ్గర పచ్చళ్ళో, పొడులో చేసి అమ్మేవారు బెస్లీతో మొదలుపెట్టండి. రేపు సీసా సైజు మారినా, సంచులు వేయించినా, వెబ్‌సైట్ పెట్టినా మందం సర్దుకుంటే చాలు, ఫాంట్ మార్చనక్కర్లేదు. ఊరి పండుగకో పోటీలకో పోస్టర్ చేసే కుర్రాళ్ళు ఆల్ఫా స్లాబ్ తీసుకోండి, కానీ దానితో ఒక్క మాటే రాసి మిగతా వివరాలు మామూలు అక్షరాల్లో పెట్టండి. పత్రిక, పుస్తకం అట్టలు చేసేవారికి బెవాన్. అపార్టుమెంటు, కాలేజీ పేర్లు లోహపు అక్షరాల్లో పోయించేవారు రాక్‌వెల్ బోల్డ్ చూడండి. సమమైన గీతలు కోయడానికి తేలిక, గోడ మీద నీడ కూడా శుభ్రంగా పడుతుంది.

ఏది తేల్చుకున్నా ప్రింట్‌కు ఇచ్చేముందు ఒక్క పని చేయండి. అసలు సైజులో, నలుపు తెలుపులో, ఇంట్లో ఉన్న మామూలు ప్రింటర్ మీద ఒక కాగితం తీయండి. గోడకు అంటించి పది అడుగులు వెనక్కి నడవండి. తర్వాత దాన్నే జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కు మళ్ళీ జిరాక్స్ తీయండి. రెండో కాపీలో కూడా చిన్న ‘ఏ’ కడుపు తెల్లగా ఉంటే ఆ అక్షరం గుడ్డ మీదా నిలుస్తుంది.

నా పచ్చళ్ళ లేబుళ్ళు చివరికి బెస్లీలోనే వెళ్ళాయి. గోంగూరకు రాక్‌వెల్ అందాన్ని వదులుకోవాల్సి వచ్చింది, కానీ ఒకే అరలో ఉండే రెండు సీసాలకు రెండు రకాల అక్షరాలు పెట్టలేం. ఎక్కువ అమ్ముడయ్యేది ఆవకాయ, దాని మాటే నెగ్గింది. గోంగూర సీసా మీద చిన్న ‘జీ’ ఉన్న చోట మాత్రం మందాన్ని ఒక మెట్టు తగ్గించి, ఆ రెండు గదుల్లోనూ వెలుతురు మిగిల్చాను.